మార్కులు సరే... తప్పిపోయిందెవరు?

నేనేం ఉద్యోగం చేస్తానో మా ఊళ్లో చెప్పడం కొంచెం కష్టం. "కంప్యూటర్ జాబ్" అనేస్తే అక్కడితో అయిపోతుంది. నిజానికి నేను పేపర్లు దిద్దే టీచర్ లాంటిదాన్ని. మా ఆఫీసులో కొందరు ఏఐ మోడళ్లు తయారు చేస్తారు. అవి బయటికెళ్లే ముందు వాటికి పరీక్ష పెట్టి మార్కులు వేసేది నేను. నాలుగేళ్లుగా ఇదే పని.

ఈ పనిలో రోజుకి పదిసార్లు వినే మాట "అక్యురసీ". వందసార్లు అడిగితే ఎన్నిసార్లు కరెక్టుగా చెప్పింది అన్న లెక్క. కాలేజీ ప్రాజెక్టులో మీరూ ఈ అంకె రాసే ఉంటారు. వైవాలో సార్ అడిగేది అదే, మనం బోల్డ్‌లో పెట్టేదీ అదే. 90 దాటితే ఇక ఎవరూ ఏమీ అడగరు.

మోడల్ తేల్చాల్సింది "అవునా, కాదా" అన్నదొక్కటే అయితే వ్యవహారం కొంత తేలిక. మెయిల్ స్పామా కాదా అంటే తప్పులు రెండే రకాలు. మంచి మెయిల్‌ని స్పామ్ అనడం, స్పామ్‌ని మంచిదనడం. క్లాసులు రెండు దాటాయంటే లెక్క మారిపోతుంది. ఐదు క్లాసులున్నాయనుకోండి. అసలు జవాబు ఐదింట్లో ఏదైనా కావచ్చు, మోడల్ చెప్పేదీ ఐదింట్లో ఏదైనా కావచ్చు. అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 గళ్లు. అందులో కరెక్టు గళ్లు ఐదే. మిగతా 20 గళ్లూ తప్పులే, పైగా ఒక్కో గడిది ఒక్కో రకం తప్పు. ఆ 20 రకాల్నీ ఒకే మూటలో కట్టేసి "తప్పులు ఇంత శాతం" అంటుంది అక్యురసీ.

ఈ సంగతి నేను పుస్తకంలోనే చదువుకున్నా. కానీ ఒంటికి పట్టింది మాత్రం అమ్మ కంటి రిపోర్టు చూశాకే.

మాది పల్నాడులో మిర్చి పండే ఊరు. అమ్మకి షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. పోయినేడాది మండలం సెంటర్లో కంటి క్యాంపు పెట్టారు. కంటి లోపల రెటీనాని కెమెరాతో ఫోటో తీసి, సాఫ్ట్‌వేర్‌తో చూసి చీటీ ఇచ్చారు. "గ్రేడ్ 1. ఏడాది తర్వాత రండి." ఆ తర్వాత రెండు నెలలకి కళ్లజోడు మార్పిద్దామని గుంటూరు తీసుకెళ్లా. అక్కడి డాక్టరు గారు చుక్కల మందు వేసి, కాసేపు కూర్చోబెట్టి, నిదానంగా చూసి "ఇది గ్రేడ్ 2 అమ్మా, ఆర్నెల్లకోసారి తప్పకుండా రావాలి" అన్నారు.

బస్సులో అమ్మ నా మొహం చూసి, "ఒక్క అంకేగా తేడా, దానికింత దిగులేందే?" అంది.

ఆ ఒక్క అంకె సంగతి చెప్తా. షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడాన్ని డయాబెటిక్ రెటినోపతి అంటారు. దాన్ని 0 నుంచి 4 వరకు ఐదు గ్రేడ్లుగా చూస్తారు. 0 అంటే ఏమీ లేదు. 1 మైల్డ్, సన్నని రక్తనాళాల మీద చిన్న చిన్న బుడిపెలొస్తాయి, ఫోటోలో అవి ఎర్ర చుక్కల్లా ఉంటాయి. 2 మోడరేట్. 3 సివియర్. 4కి వచ్చేసరికి రెటీనా మీద బలం లేని కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, అవి చిట్లి కంట్లో రక్తం కారొచ్చు, చూపు పోవచ్చు. ఇందులో అసలు చిక్కేంటంటే మొదట్లో నొప్పి ఉండదు, చూపూ బాగానే ఉంటుంది. మనిషికి తెలిసేలోపు జబ్బు రెండు మెట్లు ఎక్కి కూర్చుంటుంది.

స్క్రీనింగ్‌లో తరచుగా గీత గీసేది 1కి, 2కి మధ్యనే. 2 లేదా ఆపైన ఉంటే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. గూగుల్ పరిశోధకులు 2016లో 'జామా' అనే వైద్య పత్రికలో వేసిన పేపర్లో కూడా "మోడరేట్ లేదా అంతకు మించినది పట్టుకోగలదా" అన్నదే ఒక ముఖ్యమైన పరీక్ష. ఆ పనికి వాడిన ఫోటోల్లో మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రులవీ ఉన్నాయి. అంటే అమ్మ విషయంలో ఆ ఒక్క అంకె సరిగ్గా ఆ గీత మీద తప్పింది.

నేను హైదరాబాద్ వచ్చేశాక అందరికీ అందుబాటులో ఉన్న డేటా తెరిచి చూశా. కాగుల్ అనే సైట్లో 2015లో ఇదే జబ్బు మీద ఒక పోటీ పెట్టారు. మోడళ్లకి నేర్పడానికి ఇచ్చిన రెటీనా ఫోటోలు 35,126. అందులో గ్రేడ్ 0 ఫోటోలే 25,810. గ్రేడ్ 1 ఫోటోలు 2,443. గ్రేడ్ 2వి 5,292. గ్రేడ్ 3వి 873. గ్రేడ్ 4వి 708.

ఇప్పుడు ఒక బద్ధకం మోడల్‌ని ఊహించుకోండి. ఫోటో వంకే చూడదు. ఎవరొచ్చినా "గ్రేడ్ 0, ఏమీ లేదు, వెళ్లు" అంటుంది. ఈ ఫోటోల మీద దాని అక్యురసీ ఎంతో తెలుసా? 73 శాతం పైనే. ఫస్ట్ క్లాస్ కన్నా ఎక్కువ. ఒక్క రోగినీ పట్టుకోకుండానే!

ఇదే మోడల్‌ని ఇంకో గుంపు దగ్గరికి తీసుకెళ్దాం. 2019లో అరవింద్ కంటి ఆసుపత్రి ఫోటోలతో కాగుల్‌లోనే మరో పోటీ జరిగింది. నేర్పడానికి ఇచ్చినవి 3,662 ఫోటోలు, అందులో గ్రేడ్ 0వి 1,805. మన బద్ధకం మోడల్‌కి ఇక్కడ వచ్చేది 49 శాతం. మోడల్ అదే, బద్ధకం అదే. మారిందల్లా లైన్లో నిలబడ్డవాళ్లు. కాబట్టి ఎవరైనా అక్యురసీ చెప్తే, అందులో మోడల్ గొప్ప ఎంత, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఎక్కువ రావడం వల్ల కలిసొచ్చింది ఎంత అన్నది విడదీయకుండా నమ్మడానికి లేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మకి ఇదంతా చెప్పాలనిపించింది. టేబుళ్లు, ఫార్ములాలు పక్కనపెట్టి కల్లంలో కాయల సంగతి తీశా. అమ్మ ఏళ్ల తరబడి తాలు ఏరిన మనిషి. ఎండిన మిర్చిని కల్లంలో కుప్ప పోసి, కూర్చుని, రంగు పోయిన తాలుకాయల్ని వేరు చేయడం మా వైపు ఆడవాళ్లకి పుట్టుకతో వచ్చే విద్య.

"అమ్మా, కాయ ఏరేటప్పుడు మంచి కాయ, మచ్చ కాయ, తాలు, మూడు కుప్పలు పోస్తారు కదా. కొత్తగా ఏరడానికొచ్చినామె బాగా ఏరిందో లేదో నీకెట్లా తెలుస్తుంది?"

"చూస్తే తెలవదూ?"

"వందకి తొంభై కాయలు సరైన కుప్పలోనే వేసిందనుకో. బాగా ఏరినట్టేనా?"

అమ్మ నా వంక జాలిగా చూసింది. "వందలో తొంభై మంచి కాయే ఉంటదే. ఏరకుండా మొత్తం తెచ్చి మంచి కుప్పలో గుమ్మరించినా తొంభై కరెక్టే. దాన్ని ఏరడమంటారా?"

నేను ఎన్నో రివ్యూ మీటింగుల్లో స్లైడ్లు వేసి చెప్పిన పాఠం ఇది. అమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది.

"మరి ఏం చూస్తావు?"

"తాలు మొత్తం తాలు కుప్పలోకి వచ్చిందా లేదా అని మంచి కుప్ప కెలికి చూస్తా. తాలు కుప్పలో కూడా చెయ్యి పెట్టి చూస్తా, మంచి కాయ పోయిందేమోనని."

మా ఫీల్డులో ఈ రెండిటికీ పేర్లున్నాయి. అసలున్న తాలులో ఎంత తాలు కుప్పకి చేరింది అన్నది రీకాల్. తాలు కుప్పలో ఉన్నదాంట్లో నిజంగా తాలు ఎంత అన్నది ప్రెసిషన్. ఈ రెండూ ఒక్కో కుప్పకి విడివిడిగా చూడాలి. ఏ రకం కాయ ఏ కుప్పలో ఎన్ని పడ్డాయో గళ్లలో రాసుకుంటే అదే కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్. ఇందాక చెప్పిన 25 గళ్లు అవే. అడ్డ వరస చదివితే రీకాల్ తెలుస్తుంది, నిలువు వరస చదివితే ప్రెసిషన్ తెలుస్తుంది. అడ్డం అసలు జవాబు, నిలువు మోడల్ జవాబు అని ముందే రాసుకోండి. కొన్ని పుస్తకాల్లో తిరగేసి ఉంటుంది.

అమ్మ ఇంకో మాట కూడా అంది. "మంచి కాయ పోయి తాలులో పడితే ఆ కాయే నష్టం. తాలు వచ్చి మంచి బస్తాలో పడితే, యార్డులో శాంపిల్ తీసి చూసినోడు బస్తా మొత్తానికి రేటు కోస్తాడు." తప్పులన్నిటి ఖరీదూ ఒకటి కాదన్నమాట. ఈ మాట దగ్గరికి మళ్లీ వద్దాం.

ముందు ఒక లెక్క చేద్దాం. ఈ అంకెలు ఏ ఆసుపత్రివీ కావు, అర్థం కావడానికి నేను నోట్‌బుక్‌లో వేసుకున్నవి. క్యాంపుకి 1,000 మంది వచ్చారు. నిజంగా గ్రేడ్ 0 ఉన్నవాళ్లు 700, గ్రేడ్ 1 వాళ్లు 100, గ్రేడ్ 2 వాళ్లు 140, గ్రేడ్ 3 వాళ్లు 35, గ్రేడ్ 4 వాళ్లు 25. మొదటి మోడల్ గ్రేడ్ 0లో 680 మందిని, 1లో 30 మందిని, 2లో 95 మందిని, 3లో 10 మందిని, 4లో 10 మందిని కరెక్టుగా చెప్పింది. మొత్తం 825. అక్యురసీ 82.5 శాతం. స్లైడ్ మీద పెట్టుకోడానికి బాగానే ఉంటుంది.

ఇప్పుడు వరస వరసా చదవండి. గ్రేడ్ 0 రీకాల్ 97 శాతం. గ్రేడ్ 1కి 30. గ్రేడ్ 2కి 68. గ్రేడ్ 3కి 29. గ్రేడ్ 4కి 40. అంటే జబ్బు బాగా ముదిరిన 25 మందిలో 15 మందికి ఇంకేదో గ్రేడ్ చెప్పింది. ఐదు రీకాల్‌ల సగటు తీస్తే 52.7 శాతం. దీన్ని మ్యాక్రో సగటు అంటారు, బ్యాలెన్స్‌డ్ అక్యురసీ అని కూడా అంటారు. ఇందులో 700 మంది ఉన్న క్లాసుకీ, 25 మంది ఉన్న క్లాసుకీ ఒకటే ఓటు. 82.5కీ 52.7కీ మధ్య ఉన్న ఆ గుంటలోనే చిన్న క్లాసులవాళ్లంతా పడి ఉంటారు.

ప్రాజెక్టులు చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. సైకిట్-లెర్న్ రిపోర్టులో ఎఫ్1 స్కోర్ అని వస్తుంది. ప్రెసిషన్, రీకాల్ రెండిట్నీ కలిపిన అంకె అది. ఏది తక్కువగా ఉంటే అటు మొగ్గుతుంది. మన మోడల్ 12 మందిని గ్రేడ్ 4 అంది, అందులో 10 మంది నిజంగా గ్రేడ్ 4 వాళ్లే. ప్రెసిషన్ 83 శాతం, రీకాల్ 40 శాతం, ఎఫ్1 మాత్రం 54. ఇక క్లాసులన్నిటికీ కలిపి తీసే మైక్రో సగటు చూసి మురిసిపోకండి. ఒక్కో మనిషికి ఒక్కటే గ్రేడ్ ఉన్నప్పుడు మైక్రో ఎఫ్1 అంటే అక్యురసీయే. ఒక క్లాసుకి తప్పిపోయిన ప్రతి మనిషీ ఇంకో క్లాసులో తప్పుగా చేరతాడు కాబట్టి లెక్క సరిగ్గా అక్కడికే వస్తుంది. పేరు మారిందంతే. వెయిటెడ్ సగటు కూడా పెద్ద క్లాసు వైపే మొగ్గుతుంది. ఇంకోటి, గ్రేడ్ 4లో ఉన్నది 25 మందే కాబట్టి ఒక్క మనిషి అటూ ఇటూ అయితే రీకాల్ 4 పాయింట్లు మారిపోతుంది. చిన్న క్లాసు అంకె పక్కన ఎంతమంది మీద తీశారో రాయకపోతే ఆ అంకె మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు.

ఇంతవరకు తప్పంటే తప్పే అనుకున్నాం. కానీ గ్రేడ్లు మెట్లు కదా. 4ని 3 అనడం ఒకటి, 4ని 0 అనడం ఒకటి. ఈ తేడా పట్టుకోడానికి కాప్పా అనే కొలత వాడతారు. జేకబ్ కోహెన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1960లో దీన్ని ప్రతిపాదించాడు, మెషిన్ల కోసం కాదు, ఇద్దరు మనుషులు ఒకే కేసు చూసి ఒకే మాట చెప్తున్నారా అని కొలవడానికి. ఊరికే అదృష్టం కొద్దీ కలిసిన జవాబుల్ని అందులోంచి తీసేస్తారు. మన బద్ధకం మోడల్‌కి కాప్పాలో వచ్చేది సున్నా. 1968లో ఆయనే వెయిటెడ్ కాప్పా తెచ్చాడు. వర్గాల పద్ధతిలో అయితే ఒక మెట్టు తప్పితే శిక్ష 1, రెండు మెట్లకి 4, మూడుకి 9, నాలుగుకి 16. నేను చెప్పిన రెండు కాగుల్ పోటీల్లోనూ మార్కులు ఈ పద్ధతిలోనే వేశారు.

చాలా తెలివైన కొలత, ఒప్పుకుంటా. కానీ అమ్మ రిపోర్టు దీని ముందు పెట్టి చూడండి. 2ని 1 అంది. ఒక్క మెట్టు. శిక్ష 16లో 1. కాప్పా దృష్టిలో అది దాదాపు ఒప్పే. మా ఇంట్లో మాత్రం ఆ మెట్టు మీదే ఏడాదా, ఆర్నెల్లా అన్నది తేలింది. 3ని 4 అన్నా అదే శిక్ష, కానీ ఆ మనిషి ఎలాగూ డాక్టరు దగ్గరికే వెళ్తాడు. ఏ మెట్టు దగ్గర మనిషి దారి మారుతుందో ఫార్ములాకి తెలీదు. మనం చెప్పాలి.

అందుకే నేను ఐదు గ్రేడ్ల లెక్క అయ్యాక గీత దగ్గర ఇంకో లెక్క వేస్తా. ఆ 1,000 మందిలో డాక్టరు దగ్గరికి వెళ్లాల్సినవాళ్లు, అంటే 2, 3, 4 గ్రేడ్లవాళ్లు, 200 మంది. మొదటి మోడల్ వాళ్లలో 49 మందిని 0 అనో, 1 అనో ఇంటికి పంపేసింది. 82.5 శాతం మార్కులొచ్చిన మోడల్ ప్రతి నలుగురిలో దాదాపు ఒకరిని వదిలేసింది. అవసరం లేకుండా డాక్టరు దగ్గరికి పంపింది 15 మందిని.

ఇంకో మోడల్ ఉందనుకోండి. దాని అక్యురసీ 77.5 శాతమే. ఐదు మార్కులు తక్కువ. మ్యాక్రో రీకాల్ మాత్రం 69.4. అది వదిలేసింది 200 మందిలో 21 మందిని. అనవసరంగా పంపింది 50 మందిని. ఈ రెండిట్లో ఏది మంచిది?

చటుక్కున రెండోదే అనాలనిపిస్తుంది. నేను ఆ 50 మంది గురించి కూడా ఆలోచిస్తా. ఒకరోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ, తోడుగా ఇంకొకరు, చుక్కల మందు వేస్తే సాయంత్రం దాకా చూపు మసక. కంటి డాక్టర్లు తక్కువున్న చోట వీళ్ల వల్ల లైను పెరిగి, నిజంగా అవసరమున్నవాళ్లకి ఆలస్యం కావచ్చు కూడా. అమ్మ చెప్పిన తాలు లెక్కే ఇది. ఏ తప్పు ఖరీదు ఎంతో కాయ పండించేవాళ్లకి, ఏరేవాళ్లకి తెలుస్తుంది. ఇక్కడైతే డాక్టర్లకి, క్యాంపు నడిపేవాళ్లకి, వచ్చే జనానికి తెలుస్తుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మేం ఒక్కళ్లమే తేల్చేది కాదు. మేం చేయగలిగింది ఆ 49నీ, 21నీ, 15నీ, 50నీ దాచకుండా వాళ్ల ముందు పెట్టడం.

మీటింగుల్లో దీనికి ఓపిక ఉండదు. "అన్నీ వద్దమ్మా, ఒక్క అంకె చెప్పండి" అంటారు. వాళ్లకి ఆ తర్వాత ఇంకో మూడు మీటింగులుంటాయి, తప్పుపట్టలేం. ఆ ఒక్క అంకే కావాలంటే నేనిచ్చేది అక్యురసీ కాదు. వెళ్లాల్సినవాళ్లలో ఎంతమందిని వదిలేశాం అన్న అంకె. మనుషుల లెక్కలో, శాతంలో కాదు. "49 మంది" అంటే గదిలో ఒక క్షణం నిశ్శబ్దం వస్తుంది. "24.5 శాతం" అంటే రాదు.

అమ్మ ఇప్పుడు ఆర్నెల్లకోసారి గుంటూరు వెళ్తోంది. మొన్న వెళ్లినప్పుడు గ్రేడ్ 2 దగ్గరే ఆగిందన్నారు, షుగర్ కూడా అదుపులో ఉంది. క్యాంపులంటే నాకు కోపమేం లేదు. ఆ క్యాంపు రాకపోతే అమ్మ పదకొండేళ్లలో ఒక్కసారైనా కంటి ఫోటో తీయించుకునేది కాదు. ఆ చీటీ చేతిలో ఉండబట్టే గుంటూరులో చుక్కల మందు వేయించుకోడానికి ఒప్పుకుంది.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే, చూపు బాగానే ఉందన్నా సరే, ఏడాదికోసారి రెటీనా పరీక్ష చేయించండి. రిపోర్టు చేతికొచ్చాక "నార్మలేనా" అని అడిగి ఊరుకోకండి. ఏ గ్రేడ్, రెండు కళ్లకీ అదేనా, మళ్లీ ఎప్పుడు రావాలి, ఇది మెషిన్ చెప్పిందా డాక్టరు చూశారా అని అడగండి. మోడళ్లు చేసేవాళ్లయితే, ఈసారి రిపోర్టు రాసేటప్పుడు అన్నిటికన్నా చిన్న క్లాసుని మొదటి వరసలో పెట్టండి. మా టీమ్ టెంప్లేట్‌లో ఇప్పుడు గ్రేడ్ 4 పైన ఉంటుంది, గ్రేడ్ 0 కింద ఉంటుంది. అక్యురసీ ఆఖరి లైన్లో, చిన్న అక్షరాల్లో.